లంచానికి తావివ్వని సంస్థ: నియమపాలన ప్రణాళికను రూపొందించుకునే విధానం

మధ్యతరహా పరిశ్రమల యజమానులతో అవినీతి నిరోధక చట్టం గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మా మనిషి ఎక్కడో ఎవరి చేతిలోనో డబ్బు పెడితే దానికి కంపెనీ ఎలా బాధ్యత వహిస్తుంది?" 2018 జూలై 26 నుంచి అమలవుతున్న సవరణ దీనికి స్పష్టమైన జవాబు చెప్పింది. 1988 నాటి చట్టంలోని సెక్షన్ 9ను ఆ సవరణ పూర్తిగా మార్చి రాసింది. దాని ప్రకారం, వ్యాపారం కోసం గానీ వ్యాపారంలో ఏదైనా వెసులుబాటు కోసం గానీ సంస్థ తరఫు మనిషి ప్రభుత్వోద్యోగికి లంచం ఇచ్చినా, ఇస్తానని మాట ఇచ్చినా సంస్థే నేరం చేసినట్టు. భాగస్వామ్య సంస్థలకూ ఇది వర్తిస్తుంది. లంచం ఇచ్చిన వ్యక్తి సంస్థ ఉద్యోగి అయితే అతను సంస్థ తరఫు మనిషేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం సంస్థదే. డైరెక్టరు లేదా మేనేజరు సమ్మతితో, లేదా వారు చూసీ చూడనట్టు ఊరుకున్నందువల్ల ఆ పని జరిగిందని తేలితే, సెక్షన్ 10 కింద వారికి 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా పడతాయి.

అదే సెక్షన్ 9 సంస్థకు ఒక రక్షణను కూడా ఇచ్చింది. తన మనుషులు ఇలాంటి పనికి పాల్పడకుండా తగిన ఏర్పాట్లు ముందే చేసుకున్నామని సంస్థ నిరూపించుకోగలిగితే ఆ నేరం నుంచి బయటపడవచ్చు. మనం వాడుకలో కంప్లయన్స్ ప్లాన్ అంటున్న నియమపాలన ప్రణాళిక విలువ ఇక్కడే ఉంది. బ్రిటన్ తన 2010 నాటి లంచాల చట్టంలో ఇలాంటి రక్షణనే కల్పించి, ఆ ఏర్పాట్లు ఎలా ఉండాలో 2011లో ఆరు సూత్రాలుగా వివరించింది. ముప్పుకు తగిన నియమాలు, పైస్థాయి నిబద్ధత, ముప్పు అంచనా, ఎదుటి పక్షం గురించి ఆరా, సిబ్బందికి తెలియజెప్పడం, నిరంతర సమీక్ష అనేవే ఆ ఆరు. ఆ వరుస ఉపయోగకరమైనదే. అయితే నా అనుభవంలో ప్రణాళికలు విఫలమయ్యేది ఏదో ఒక సూత్రం తప్పిపోవడం వల్ల కాదు. గడువు మీద పడిన రోజున ప్రభుత్వ కార్యాలయం వరండాలో ఒంటరిగా నిలబడ్డ ఉద్యోగికి లంచం ఇవ్వడం కంటే సులభమైన దారిని సంస్థ చూపించకపోవడం వల్లనే అవి విఫలమవుతాయి. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ దారిని ఎలా వేయాలనే దాని గురించే.

ముందు కాగితం మీద పటం గీయండి

ఇంటర్నెట్‌లో దొరికే నలభై పేజీల ప్రవర్తనా నియమావళిని తెచ్చి, పైన సంస్థ పేరు మార్చి, ఉద్యోగులందరి చేత సంతకాలు చేయించడం ప్రణాళిక కాదు. ఒక పూట సమయం కేటాయించి, నిజంగా బయట తిరిగే మనుషులను పిలిచి కూర్చోబెట్టండి: కార్యాలయాల చుట్టూ తిరిగే పరిపాలన గుమాస్తా, స్టోర్ కీపరు, సరుకు రవాణా చూసే వ్యక్తి, పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూసే మానవ వనరుల సిబ్బంది, కొత్త షెడ్డు పనులు చూసే సైట్ ఇంజనీరు. మేనేజర్లకు తెలియని సంగతులు వీరికి తెలుసు. పటాన్‌చెరు, జీడిమెట్ల వంటి చోట ఒక సాధారణ కర్మాగారాన్ని తీసుకుంటే కర్మాగారాల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, అగ్నిమాపక శాఖ, విద్యుత్ పంపిణీ సంస్థ, తూనికలు కొలతల శాఖ, జీఎస్టీ, పురపాలక సంఘం, దిగుమతులు ఉంటే కస్టమ్స్ వరకు కనీసం ఏడెనిమిది కార్యాలయాలతో నిత్య సంబంధం ఉంటుంది. ప్రతి కార్యాలయం ఎదుట నాలుగు విషయాలు రాయాలి: మన తరఫున ఎవరు వెళతారు, ఏ అనుమతి కోసం వెళతారు, అది ఎప్పటికి కావాలి, ఆలస్యమైతే మనకు ఎంత నష్టం.

ఈ నాలుగో గడిలోనే ముప్పు దాగి ఉంటుంది. అనుమతి పత్రం గడువు మార్చి 31న ముగుస్తుండగా మార్చి 25న దరఖాస్తు పట్టుకుని పరుగెత్తే సంస్థ, బేరం మొదలు కాకముందే ఓడిపోయినట్టు. అవతలి వ్యక్తి ఫైలును వారం రోజులు బల్ల మీద ఉంచితే చాలు, మన ఉత్పత్తి ఆగిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, మన గుమాస్తాకూ తెలుసు. అందువల్ల నేను సూచించే మొట్టమొదటి ఏర్పాటు నియమావళి కాదు, పునరుద్ధరణల క్యాలెండరు. ప్రతి అనుమతికి గడువు తేదీ కంటే 120 రోజుల ముందు కాగితాల సేకరణ ప్రారంభం కావాలి, 90 రోజుల ముందు దరఖాస్తు దాఖలు కావాలి. ఆయా చట్టం ఇంతకంటే ముందే దరఖాస్తు చేయాలని చెబితే ఆ తేదీనే పాటించాలి. ఆలస్యం జరిగితే దానికి సంజాయిషీ చెప్పవలసినది వరండాలో నిలబడ్డ గుమాస్తా కాదు, అతనికి కాగితాలు సకాలంలో అందించని విభాగాధిపతి. ఈ ఒక్క మార్పుతో చాలా మామూళ్ళు అడిగే అవకాశమే లేకుండా పోవడం నేను దగ్గరుండి చూశాను.

చట్టం మన పక్షాన నిలిచే చోట్లను కూడా ఈ పటంలోనే గుర్తించాలి. తెలంగాణ 2014లో తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం పరిశ్రమల అనుమతులకు కాలపరిమితిని నిర్ణయించింది. పరిమితి దాటితే అనుమతి లభించినట్టే భావించే ఏర్పాటు అందులో ఉంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేసి రసీదు సంఖ్య దగ్గర పెట్టుకున్న దరఖాస్తుకు ఉన్న బలం, చేతిలో పెట్టి వచ్చిన దరఖాస్తుకు లేదు. ఫైలు కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద దాని స్థితిని అడగవచ్చు. ఆ హక్కు పౌరులకే గనుక దరఖాస్తును సంస్థ పేరు మీద కాక ఒక వ్యక్తి పేరు మీద వేయాలి, 30 రోజుల్లో జవాబు రావాలి.

మధ్యవర్తుల దగ్గర అసలు పరీక్ష

"మేము ఎవరికీ లంచాలు ఇవ్వము, మా కన్సల్టెంటే అన్నీ చూసుకుంటాడు" అనే మాట విన్నప్పుడు జాగ్రత్తపడాలి. "అన్నీ" అంటే ఏమిటో అడగని సంస్థ ఆ తెలియనితనాన్ని కోర్టులో రక్షణగా చెప్పుకోలేదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని బద్దీలో చాక్లెట్ కర్మాగారానికి అనుమతుల విషయంలో క్యాడ్‌బరీ ఇండియా వ్యవహారాన్ని ప్రతి ఆడిటరూ చదవాలి. అమెరికాలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ చెప్పిన దాని ప్రకారం, 2010లో ఒక ఏజెంటు లైసెన్సు దరఖాస్తులు తయారు చేసినందుకంటూ వరుసగా బిల్లులు పంపాడు, సుమారు 90 వేల డాలర్లు అతనికి చెల్లించారు. నిజానికి ఆ దరఖాస్తులను తయారు చేసింది కంపెనీ సొంత ఉద్యోగులే. డబ్బు ఖాతాలో పడగానే ఏజెంటు అందులో అధిక భాగాన్ని నగదుగా తీసుకున్నాడు. క్యాడ్‌బరీని కొన్న మాతృసంస్థ మాండలీజ్ 2017 జనవరిలో, ఆరోపణలను అంగీకరించకుండా, కాదనకుండా, 1.3 కోట్ల డాలర్లు చెల్లించి ఆ వ్యవహారాన్ని ముగించుకుంది. చెల్లింపు చేసే గుమాస్తా "ఈ దరఖాస్తు రాసింది ఎవరు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తొలి బిల్లు దగ్గరే సంగతి బయటపడేది.

చెన్నైలో ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ ప్రాంగణం నిర్మాణానికి సంబంధించిన ఆరోపణలు మరో మార్గాన్ని చూపిస్తాయి. ప్రణాళిక అనుమతి కోసం నిర్మాణ కాంట్రాక్టరు ద్వారా లంచం చెల్లింపజేసి, పనిలో మార్పులు జరిగినట్టు అదనపు బిల్లులు సృష్టించి ఆ మొత్తాన్ని తిరిగి ఇవ్వడానికి ఏర్పాటు చేశారని అదే కమిషన్ ఆరోపించింది. ఆ కంపెనీ కూడా ఆరోపణలను అంగీకరించకుండా, కాదనకుండా 2019లో 2.5 కోట్ల డాలర్లు చెల్లించింది. తానే ముందుగా వెల్లడించి దర్యాప్తుకు సహకరించినందువల్ల కంపెనీపై నేరాభియోగం మోపకూడదని అమెరికా న్యాయశాఖ నిర్ణయించింది. నిర్మాణ పనుల్లో అదనపు బిల్లు సర్వసాధారణం. అందుకే దాని చాటున దాచడం సులభం. ఇంజనీరు కొలతల పుస్తకంలో లేని అదనపు పనికి చెల్లింపు జరగకూడదనే నియమం ప్రతి ప్రణాళికలోనూ ఉండి తీరాలి.

కనుక ఏజెంటును నియమించే ముందు అతను ఏ పని చేస్తాడో, ఆ పనిని మన సిబ్బంది ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా తేల్చుకోండి. అతని జీఎస్టీ నమోదు, గత ఖాతాదారులు, ప్రభుత్వంలో ఉన్న బంధువుల వివరాలు సేకరించండి. ఫలానా అధికారే అతని పేరు సూచించాడంటే అక్కడితో ఆపేయడం మంచిది. "అనుమతి వస్తేనే ఫీజు, రాకపోతే లేదు" అనే ఒప్పందం కుదుర్చుకోవద్దు, ఎందుకంటే అది ఎలాగైనా పని పూర్తి చేసుకు రమ్మని డబ్బిచ్చి పంపడమే అవుతుంది. నిర్ణీత రుసుము, బ్యాంకు ద్వారా చెల్లింపు, ప్రతి బిల్లుకు జరిగిన పనికి సాక్ష్యం, లెక్కలు తనిఖీ చేసే హక్కు, లంచం ఇచ్చినట్టు తెలిస్తే ఒప్పందాన్ని తక్షణం రద్దు చేసే నిబంధన అందులో ఉండాలి.

ఓచర్లు ఏం చెబుతాయి

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ చిల్లర ఖర్చుల ఓచర్లు చూస్తుండగా ఒకే తేదీతో ఉన్న మూడు ఓచర్లు నా కంటపడ్డాయి. మూడింటి మీదా "సైటు ఖర్చులు" అని ఒకే చేతిరాత, ఒకే నీలిరంగు సిరా. మొత్తాలు 9,800, 9,500, 9,900. జతచేసిన రసీదు ఒక్కటీ లేదు. ఒకదాని వెనుక మాత్రం పెన్సిలుతో ఒక కార్యాలయం పేరు రాసి చెరిపేసిన ఆనవాలు ఉంది. ఒక రోజులో ఒక వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లిస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చును సాధారణంగా అనుమతించరు గనుక, రాసిన వ్యక్తి ఒక్కో ఓచరు ఆ గీతకు దిగువనే ఉండేలా మొత్తాన్ని ముక్కలు చేశాడు. అతన్ని పిలిచి మాట్లాడితే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పని పూర్తి కాకుండా తిరిగి రావద్దని పై అధికారి చెప్పి పంపాడనీ, తన జేబులోంచి ఇచ్చి తరువాత ఇలా రాబట్టుకున్నాననీ చెప్పాడు. శిక్ష అతనికి పడింది, ఒత్తిడి తెచ్చిన మనిషి స్థానం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఈ పని మీద ఇంత పట్టుదలగా రాయడానికి కారణం కూడా అదే.

లంచం ఏ ఓచరు మీదా లంచం అనే పేరుతో ఉండదు. లైజనింగ్ (కార్యాలయాలతో సంప్రదింపుల) చార్జీలు, ఇతర ఖర్చులు, స్టాఫ్ సంక్షేమం, పండుగ ఖర్చులు, రవాణాలో దారి ఖర్చులు అనే ఖాతాల్లోనే ఉంటుంది. ఈ ఖాతాలను ప్రతి నెలా ఒకచోట చేర్చి, ప్రతి చెల్లింపుకు రసీదు, ప్రయోజనం, అందుకున్నవారి పేరు ఉన్నాయో లేదో చూడాలి. ఖర్చు చేసినవారే దాన్ని ఆమోదించకూడదు. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదయ్యే సదుపాయం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఆ నమోదును ఎవరూ ఆపివేయకుండా చూడడంతో పాటు, నెలాఖరు రాత్రి వేళల్లో జరిగిన సవరణలను ప్రత్యేకంగా పరిశీలించండి.

అక్రమం ప్రభుత్వ కార్యాలయాల వైపే ఉండదు. తుక్కు అమ్మకంలో కాటా చీటీ బరువుకూ గేటు పుస్తకంలో రాసిన బరువుకూ తేడా రావడం, కొనుగోళ్ళలో ఎప్పుడూ ఒకే సరఫరాదారుకు ఆర్డరు దక్కడం, మూడు కొటేషన్లలోనూ ఒకే అక్షర దోషం కనిపించడం వంటివి లోపలి ముడుపులకు గుర్తులు. కొనుగోలు అధికారి సరఫరాదారు నుంచి తీసుకునే కమీషను ప్రభుత్వోద్యోగికి ఇచ్చే లంచం కాదు గనుక అవినీతి నిరోధక చట్టం కిందికి రాదు. అయినా భారతీయ న్యాయ సంహితలోని నమ్మకద్రోహం, మోసం సెక్షన్లు వర్తించే అవకాశం ఉంది. కొనుగోలు అధికారులను రెండు మూడేళ్ళకొకసారి మార్చడం, ఏడాదికి కనీసం రెండు వారాలు వరుసగా సెలవు తీసుకునేలా చేయడం పాత పద్ధతులే అయినా ఇప్పటికీ ఫలితమిస్తాయి.

అక్రమం పైస్థాయిలోనే ఉంటే ఈ తనిఖీలేవీ చాలవు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని హైదరాబాద్‌కు తెలిసింది. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ సంస్థ చేతుల మీదుగా కాక నేరుగా బ్యాంకు నుంచే రావాలనే నియమాన్ని చిన్న సంస్థలు కూడా పాటించాలని నేను అనేది అందుకే.

పండుగ బహుమతుల విషయంలో ఒక్క మాట. చట్టం నిషేధించింది అనుచిత ప్రయోజనాన్ని. అది డబ్బు రూపంలోనే ఉండనవసరం లేదు. అధికారి కుమారుడికి ఇచ్చే ఇంటర్న్‌షిప్, అతను చెప్పిన ట్రస్టుకు ఇచ్చే విరాళం, వెండి పళ్ళెం, అన్నీ ఇందులోకే రావచ్చు. ప్రభుత్వోద్యోగులకు ఏ బహుమతీ వద్దని నిర్ణయించుకోవడమే సురక్షితం. మిగిలినవారికి ఇచ్చేవీ వారి నుంచి పుచ్చుకునేవీ ఒక పరిమితిలో ఉంచి పుస్తకంలో రాయాలి.

డబ్బు అడిగిన క్షణంలో

ఉద్యోగికి ముందుగానే కొన్ని మాటలు నేర్పి పంపాలి, ఎందుకంటే ఆ క్షణంలో మాటలు తడబడతాయి. "సార్, రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా నా చేతుల మీదుగా ఇవ్వడానికి మా ఆఫీసు రూల్ ఒప్పుకోదు. ఫైల్లో ఏమైనా లోపాలుంటే రాసివ్వండి, రేపే సరిచేసుకొస్తాము." ఇందులో నింద లేదు, వాదన లేదు, నిర్ణయం తన చేతిలో లేదని మర్యాదగా చెప్పడమే ఉంది. శిక్షణలో ఈ మాటలను ఒకరు అధికారిగా, మరొకరు ఉద్యోగిగా నిలబడి బయటికి పలికించండి. స్లైడ్లు చూపించి ముగించే గంట ఉపన్యాసం కంటే ఈ పదిహేను నిమిషాల సాధన ఎక్కువ గుర్తుంటుంది.

కార్యాలయం నుంచి బయటికి రాగానే ఉద్యోగి ఒక నిర్దిష్ట వ్యక్తికి ఫోన్ చేసి తేదీ, సమయం, అడిగిన మాటలు చెప్పాలి. సంస్థ వాటిని అదే రోజు రాసి ఉంచాలి. తరువాతి సందర్శనకు ఇద్దరు వెళ్ళాలి, లోపాలు రాతపూర్వకంగా చెప్పమని కోరుతూ లేఖ పంపాలి. వేధింపు కొనసాగితే పై అధికారికి, అక్కడా ఫలితం లేకపోతే అవినీతి నిరోధక శాఖకు వెళ్ళాలి. తెలంగాణలో ఆ శాఖ టోల్‌ఫ్రీ సంఖ్య 1064. డబ్బు ఇవ్వకముందే అక్కడికి వెళితే అధికారులు ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లతో వల పన్నుతారు, తీసుకున్నవారి చేతులు సోడియం కార్బొనేట్ ద్రావణంలో కడిగిస్తే ఆ నీరు గులాబీ రంగుకు మారుతుంది. ఇలా ముందే తెలిపి, శాఖకు సహకరించడానికి డబ్బు ఇచ్చిన వ్యక్తికి, లంచం ఇవ్వడాన్ని నేరంగా చెప్పే సెక్షన్ 8 వర్తించదు. బలవంతం మీద ఇప్పటికే ఇచ్చి ఉంటే, 7 రోజుల లోపు పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ తెలియజేసిన వ్యక్తికి కూడా ఆ సెక్షన్ వర్తించదు. లేకపోతే లంచం ఇచ్చినవారికి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఈ 7 రోజుల గడువు గురించి తెలియని ఉద్యోగులే ఎక్కువ. దీన్ని గుర్తింపు కార్డు వెనుక అచ్చు వేయించినా తప్పులేదు.

వీటన్నిటి కంటే ముందు మేనేజింగ్ డైరెక్టరు సంతకంతో ఒక వాక్యం అందరికీ చేరాలి: లంచం ఇవ్వనందువల్ల ఆలస్యమైనా, ఆర్డరు పోయినా, ఆ ఉద్యోగి జీతానికి, పదోన్నతికి, లక్ష్యాల లెక్కకు ఎలాంటి నష్టం జరగదు. ఆ ఏడాది అప్రైజల్‌లో దాన్ని నిజంగా పాటించి చూపించాలి.

ఫిర్యాదులు, విచారణ

లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకులు, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తీసుకున్నవి ఫిర్యాదుల వ్యవస్థను ఏర్పాటు చేయాలని 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 చెబుతోంది. ఈ పరిధిలోకి రాని సంస్థలూ దాన్ని పెట్టుకోవడం మేలు. ఇంగ్లిషులో ఈమెయిల్ చిరునామా ఒకటి ఇచ్చి ఊరుకుంటే షాపుఫ్లోరు నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాదు. తెలుగులో, హిందీలో, ఒడియా కార్మికులు ఉంటే ఒడియాలో మాట్లాడగలిగే ఫోన్ సంఖ్య ఉండాలి, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు ఉండాలి. ఆరోపణ మేనేజింగ్ డైరెక్టరు మీదే అయితే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కు చేరే దారి ఉండాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులను ఇందులో కలపకూడదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 నాటి వేరే చట్టం ప్రకారం వేరే అంతర్గత కమిటీ ఉండాలి.

ఫిర్యాదు అందిన వెంటనే ఎవరినీ ప్రశ్నించక ముందే ఈమెయిళ్ళు, ఓచర్లు, లెక్కల నమోదులు, సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచండి. చాలా చోట్ల కెమెరా దృశ్యాలు కొద్ది వారాల్లోనే చెరిగిపోతాయి. ఆ తరువాత అభియోగ పత్రం, సంజాయిషీకి గడువు, నిష్పాక్షికమైన విచారణాధికారి, సాక్షులను ప్రశ్నించే అవకాశం, ఇవన్నీ వరుస తప్పకుండా జరగాలి. ఆ వరుస తప్పినందువల్లే తప్పు చేసినవారు లేబర్ కోర్టులో గెలిచి తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కార్మికుణ్ణి సస్పెండ్ చేస్తే తొలి 90 రోజులకు వేతనంలో 50 శాతం, ఆ తరువాత జాప్యానికి అతను కారణం కాకపోతే 75 శాతం జీవన భృతిగా ఇవ్వాలి. అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్న మేనేజరుకూ, గేటు దగ్గర గుమాస్తాకూ ఒకే తప్పుకు ఒకే కొలత వాడారా అనేదాన్ని ఉద్యోగులందరూ గమనిస్తారు.

ఏడాదికొకసారి సమీక్ష

ఈ బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగించి, అతను అమ్మకాల విభాగానికి లోబడకుండా నేరుగా డైరెక్టర్ల బోర్డుకు నివేదించేలా చూడాలి. సంస్థ చిన్నదైతే అది పూర్తికాలపు ఉద్యోగం కానవసరం లేదు, కానీ చెల్లింపును ఆపే అధికారం ఆ వ్యక్తికి ఉండాలి. ఏడాదికొకసారి మొదట గీసిన పటాన్ని మళ్ళీ ముందు పెట్టుకుని, కొత్తగా చేరిన అనుమతులు, మారిన ఏజెంట్లు, క్యాలెండరు తప్పిన దరఖాస్తులు, వచ్చిన ఫిర్యాదులు, తీసుకున్న చర్యలు చూడాలి. శిక్షణకు హాజరైనవారి జాబితా నుంచి సమావేశాల మినిట్స్ వరకు ప్రతి కాగితాన్నీ భద్రపరచాలి, ఎందుకంటే తగిన ఏర్పాట్లు ఉన్నాయని రేపు కోర్టులో చూపించవలసినవి ఇవే.

ఆ సమీక్షలో బహుమతుల పుస్తకాన్ని, ఫిర్యాదుల రిజిస్టరును తప్పక తెరిచి చూడండి. ఏడాది పొడుగునా రెండింటిలోనూ ఒక్క నమోదు కూడా లేకపోతే సంతోషించి మూసేయవద్దు. దీపావళి వారంలో ఎన్ని మిఠాయి పెట్టెలు లోపలికి వచ్చాయో, ఎన్ని బయటికి వెళ్ళాయో గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని తెప్పించుకుని, ఒక్కో పెట్టె ఎవరికి వెళ్ళిందో అడగడం మొదలుపెట్టండి.